అత్త ముక్కు, డాక్టరుగారి ఎర్రతీగ

ఆ రోజుల్లో మా ఖరగ్‌పూర్‌లో రెండు రకాల కరెంటు ఉండేది. ఒకటి రైల్వే వాళ్ళ కరెంటు, రెండోది మిగతా ప్రపంచం కరెంటు. మా ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో ఉన్నది మొదటి రకం. అది ఇల్లరికపుటల్లుడిలా ఎప్పుడు చూసినా ఇంట్లోనే ఉండేది. మలంచా రోడ్డు మీద ఉన్నది రెండో రకం. అది సాయంత్రం అయ్యేసరికి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయేది, ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. మలంచాలో పుట్టిన పిల్లలు అమ్మా నాన్నా అన్నాక మూడో మాటగా 'లోడ్‌షెడ్డింగ్' నేర్చుకుంటారని మా నాన్న వేళాకోళం చేసేవాడు. ఇప్పుడు కరెంటు పోతే ఇన్వర్టరు 'టిక్' మంటుంది, ఎవరూ ఫోనులోంచి తలెత్తరు. అప్పుడు కరెంటు పోతే పక్కనున్న మనిషి గొంతు వినిపించేది. అలాంటి ఒక చీకట్లో మా అత్తా మావా మాట్లాడుకున్న మాటలు నాకిప్పటికీ గుర్తొచ్చి, ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూడా నవ్వొస్తుంటుంది.

అది ఎనభైల నడిమికాలం. నేను బీయస్సీ పాసై, రైల్వే పరీక్ష రాసి, ఫలితం చూసుకుని, మళ్ళీ రైల్వే పరీక్ష రాస్తూ ఉన్నాను. ఊరికే ఇంట్లో కూర్చుంటే పెళ్ళి చేసేస్తారన్న భయంతో మలంచాలో ఒక డాక్టరుగారి దగ్గర పనికి చేరాను. ఆయన ముక్కు, చెవి, గొంతు చూసే బెంగాలీ ఆయన. ఊరంతా డాక్టర్‌బాబు అనేవారు, మా వీధి వాళ్ళు మాత్రం ముక్కు డాక్టరు అనేవారు (చెవులూ గొంతులూ కూడా చూసేవారు పాపం, ఆ గౌరవం మాత్రం దక్కలేదు). ఆయన దగ్గరికొచ్చే వాళ్ళలో సగం మంది రైల్వే పనికొచ్చి స్థిరపడ్డ మా తెలుగువాళ్ళే. మా వాళ్ళు నొప్పి వస్తే బెంగాలీలో చెప్పగలరు, కోపమొస్తే హిందీలో తిట్టగలరు, భయం వేస్తే మాత్రం తెలుగు తప్ప ఇంకేదీ నోట రాదు. ఆ భయాన్ని బెంగాలీలోకి మార్చి చెప్పడమే నా ఉద్యోగం. దాంతోపాటు పనిముట్లు మరిగించడం, దూది మందులో తడపడం. నెల తిరిగేసరికి నేను సగం డాక్టర్ని అయిపోయానని నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఇంట్లో ఎవరైనా తుమ్మితే దగ్గరికెళ్ళి "నోరు తెరు" అనేదాన్ని.

ఆ క్లినిక్కులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు ఒక పెట్టె. రేడియో అంత ఉంటుంది, ముందు ఒక తిప్పుడు మీట, దాన్నుంచి వైరు, వైరు చివర పెన్ను లాంటి పిడి, పిడి కొసన వెంట్రుకకన్నా కాస్త లావుగా చిన్న తీగ. పిడి మీద బొత్తం నొక్కితే ఆ తీగ కొస క్షణంలో ఎర్రగా కాలిపోతుంది. దాన్ని కాటరీ అంటారు. ముక్కులో ఏదైనా సన్నటి రక్తనాళం చిట్లి నెత్తురు కారుతుంటే ఆ ఎర్రటి కొసతో ఇలా అంటించి అలా తీసేస్తే చాలు, నాళం మూసుకుపోయి నెత్తురు ఆగిపోతుంది. అలాగే పనికిరాని కండ పెరిగితే కోసేయడానికి కూడా వాడతారు, కోసినచోటే కాల్చేస్తుంది కాబట్టి రక్తం రాదు. ఈ సంగతి డాక్టరుగారు నాకు ఒక్కసారే చెప్పారు. నేను మా వీధిలో ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఇక మా అత్త. నాన్నకు అక్క, మా వెనక లైనులోనే క్వార్టరు. ఆవిడ గొంతు వెనక లైనులో లేస్తే ముందు లైనులో పాలు పొంగేవి. ఆవిడ భర్తని మేమందరం ఇంజన్ మావ అనేవాళ్ళం. బొగ్గింజన్ల రోజుల్లో ఫైర్‌మన్‌గా చేరి, అప్పటికి నిమ్‌పురా యార్డులో వేగన్లని అటూ ఇటూ మార్చే షంటింగ్ ఇంజను నడుపుతున్నాడు. ఎత్తు మనిషి, తలుపులోంచి రావాలంటే వంగాలి, చేతుల నిండా పాత కాలిన మచ్చలు. అత్త ముక్కుకి ఎడమవైపు ఎర్రరాయి పుడక ఉండేది. పెళ్ళినాడు పెట్టిన పుడక, ఆ తర్వాత ఒక్కసారి కూడా తీయలేదు. ఆ ఏడు ఎండాకాలం మొదలుకొని ఆ ఎడమ ముక్కులోంచే నెత్తురు కారడం మొదలైంది. మొదట వారానికోసారి, తర్వాత రోజు విడిచి రోజు. నెత్తి మీద తడిగుడ్డ వేశారు, ఉల్లిపాయ వాసన చూపించారు, గరిక రసం పిండారు. పక్కింటి ఒడియావిడ చెప్పినట్టు నుదుటికి చల్లటి మట్టి కూడా రాశారు. దేనికీ తగ్గలేదు. రైల్వే ఆసుపత్రికి వెళ్ళమంటే, మావ పనిచేసే షెడ్డు మొత్తం వచ్చి పలకరిస్తే ఆ వచ్చిన వాళ్ళందరికీ టీ పెట్టే ఓపిక తనకి లేదంది అత్త. చివరికి మావే ఆవిణ్ణి మా క్లినిక్కుకి తీసుకొచ్చాడు.

డాక్టరుగారు నుదుటికి అద్దం కట్టుకుని లోపలికి తొంగిచూసి, ముక్కు నడిమి గోడకి ముందువైపే ఒక నాళం తేలి ఉందని, కాటరీతో ఒక్క నిమిషం పనని చెప్పారు. పెట్టె తీసి, బొత్తం నొక్కి, ఎర్రతీగ కూడా చూపించారు, భయం పోతుందని. మావ దాన్ని చూసి నవ్వాడు. "ఇదేటి డాట్రుబాబూ, అగరొత్తి కొసంత నేదు. బొగ్గింజను మంటలో సెయ్యెట్టినోణ్ణి నాను!" అన్నాడు. అత్త మాత్రం నవ్వలేదు, భయపడనూ లేదు. "వాతే కదా" అంది తేలిగ్గా. "సిన్నప్పుడు పచ్చకామెర్లొస్తే మా మామ్మ ఎన్ని వాతలెట్టించినాదో. ఇది ముక్కుకి వాత, అంతే కదా గుంటా?" అని నన్నడిగింది. నేను అంతేనన్నాను. అప్పుడు డాక్టరుగారు ముక్కుపుడక మీద వేలు పెట్టి, పిన్నిని పిలిచినట్టు "మాసీమా, ఇది తీసేయాలి" అన్నారు. పుడక మర లోపలికి పొడుచుకుని ఉంది, తీగ వెళ్ళే దారికి సరిగ్గా అడ్డం. పైగా లోహం, వేడెక్కితే చుట్టూ కాలుతుంది. ఇదంతా నేను పూసగుచ్చినట్టు తెలుగులో చెప్పాను. అత్త లేచి, చెప్పులేసుకుని, రోడ్డు మీదికెళ్ళి రిక్షా పిలిచింది.

ఆ సాయంత్రం నేను ఆవిడ ఇంటికెళ్ళి సైన్సు చెప్పాను. రక్తం అంటే ఏమిటి, ఊపిరి అంటే ఏమిటి, బంగారానికీ మనిషి ఆయుష్షుకీ సంబంధం లేదని ఏ పుస్తకంలో ఎలా ఉంది, అన్నీ చెప్పాను. అత్త చింతపండు గింజలు తీస్తూ అంతా విని, "ఓలి గుంటా, నీకేటి తెలుసే" అంది. "మాయమ్మ పుడక మర ఒదులైపోనాదని కంసాలికిచ్చింది. అది బాగయ్యొచ్చీలోగా మా అయ్య పోనాడు. నాను కళ్ళతో సూసినాను. మీ మావ పన్జేసేదేటి, కూకుని రాసే ఆపీసా? రోజంతా ఆ వేగన్ల మద్దిన తిరుగుతాడు. నా ముక్కుకి ఇదున్నాదని కదా నాను ఇంట్లో దైర్నంగా కూకున్నాను!" నేను మళ్ళీ సైన్సు ఎత్తుకోబోతే, "మరి నువ్వు పరీచ్చకెల్తే ఆ పచ్చ పెన్నే ఎందుకట్టుకెల్తావు? ఇంకో పెన్ను రాయదేటి?" అని అడిగింది. (ఆ పచ్చ పెన్నుతో రాసిన పరీక్షలన్నీ తప్పాను, అది వేరే సంగతి. కానీ అది లేకుండా రాయడానికి నాకు ధైర్యం లేదు.) నేను చింతపండు గింజలు తీయడంలో సాయం చేసి వచ్చేశాను.

మావ మాత్రం "దానికిష్టం నేకపోతే ఒగ్గేయండి" అని ఊరుకున్నాడు. కానీ డ్యూటీ దిగగానే ఇదివరకులా టీ దుకాణం దగ్గర ఆగకుండా నేరుగా ఇంటికొచ్చేసేవాడు. వచ్చి గుమ్మంలో నిలబడి మొదట అత్త మొహం కేసి కాదు, ఆవిడ కొంగు కేసి చూసేవాడు, ఎర్ర మరకలేమైనా ఉన్నాయేమోనని. అత్త ఆ సంగతి కనిపెట్టి, ఆయనొచ్చే వేళకి చీర మార్చుకోవడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఒకళ్ళ కోసం ఒకళ్ళు ఇలా దొంగాట ఆడుతుండగా ఒకరోజు గోల్‌బజార్‌లో, కూరగాయల బేరం మధ్యలో, అత్త ముక్కులోంచి నెత్తురు ధారగా మొదలై ఎంతకీ ఆగలేదు. కళ్ళు తిరిగి అక్కడే వంకాయల బుట్ట పక్కన కూలబడిపోయింది. తీసుకొచ్చి పడుకోబెట్టాక చూస్తే మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. వెనక లైనులో గొంతు లేవలేదు. అంత నిశ్శబ్దంగా ఆ ఇంటిని నేనెప్పుడూ చూడలేదు, నాకు ఏడుపొచ్చింది. డాక్టరుగారు చూసి, ఇంకొక్కసారి ఇలా అయితే పెద్దాసుపత్రిలో చేర్చి రక్తం ఎక్కించాల్సిందేనన్నారు. ఇక ఆగడానికి వీల్లేదన్నారు.

ఆ రోజు మావ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. అత్త కాళ్ళ వైపు చూస్తూ, "నా కోసరం అది ఎట్టుకున్నావు కదే. నా కోసరమే తియ్యే. నువ్వు నేకపోతే నాను ఉండి ఏటి సేసుకోవాల?" అన్నాడు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడ్డం మేమెవరమూ వినలేదు. అత్త "అయితే నాదొక షరతు" అంది. పుడక తీసింది మొదలు మళ్ళీ పెట్టేవరకు మావ ఆవిడ కళ్ళెదుటే ఉండాలి. కాలు కదపకూడదు, బీడీకని బయటికి పోకూడదు. "నువ్వు పేనంతో ఉన్నట్టు నాను సూస్తా ఉండాల. నువ్వే తియ్యాల, నువ్వే ఎట్టాల. మద్దిలో ఎవరి సేతికీ ఇవ్వకూడదు" అంది. మావ సరేనన్నాడు. ఈ షరతుని నేను డాక్టరుగారికి బెంగాలీలో చెప్పినప్పుడు ఆయన నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. మొగుడి ఆయుష్షు కోసమని వాళ్ళావిడ వేసుకున్న ఇనుప గాజు ఆవిడ కూడా తీయదట, "ఠీక్ ఆఛే" అని ఒప్పుకున్నారు.

రెండు రోజుల తర్వాత సాయంత్రం ముగ్గురం రిక్షాలో బయల్దేరాం. అత్త కొత్త చీర కట్టింది. మావ సెలవు పెట్టి, గడ్డం గీసుకుని, తెల్లచొక్కా వేసుకుని, పెళ్ళికొడుకు తరఫు పెద్దమనిషిలా ఉన్నాడు. దారిలో అత్త, "తిన్నావా?" అని అడిగితే "షెడ్డు కేంటీన్లో పొద్దునే తినీసినాను" అన్నాడు. (సెలవు పెట్టిన మనిషి షెడ్డు క్యాంటీనుకి ఎందుకెళ్ళాడని సగం డాక్టర్నైన నాకు కూడా తోచలేదు.) క్లినిక్కులో అత్తని పొడుగు కుర్చీలో కూర్చోబెట్టారు, ఎదురుగా ఒక స్టూలు వేసి మావని కూర్చోబెట్టారు. నేను కొబ్బరినూనె చుక్క వేస్తుంటే, బొగ్గు పారలెత్తిన ఆ లావు వేళ్ళతో మావ ఆ చిన్న మరని తిప్పడం మొదలుపెట్టాడు. ఎన్నో ఏళ్ళుగా కదలని మర. ఆయన నుదుటి మీద చెమట, అత్త కళ్ళలో నీళ్ళు, మధ్యలో "నొప్పేటే?" "నేదు, తిప్పు." చివరికి ఊడి వచ్చింది. పుడకని గుప్పిట్లో పెట్టుకుని మావ స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు. అది లేకుండా అత్త మొహం మా అత్త మొహంలా లేదు, చిన్నపిల్ల మొహంలా ఉంది. నేను మందు దూది ముక్కులో పెట్టాను. డాక్టరుగారు పెట్టె మీట తిప్పారు. సరిగ్గా అప్పుడే మలంచా మొత్తం చీకటైపోయింది.

బయట మబ్బు పట్టి ఉంది, లోపల కంటికి చెయ్యి కనపడదు. డాక్టరుగారు బెంగాలీలో కరెంటు వాళ్ళనీ వాళ్ళ తాతముత్తాతలనీ తలుచుకుంటూ కొవ్వొత్తి వెతుక్కోవడానికి లోపలి గదిలోకి వెళ్ళారు. ముక్కులో దూదితో అత్త గొంతు చీకట్లో మరీ విచిత్రంగా వినిపించింది.

"ఏటయ్యా, ఉన్నావా?"

"ఉన్నానే."

కాసేపాగి మళ్ళీ, "ఉన్నావా?"

"ఉన్నాననే సెప్పినాను కదా."

"ఉంటే నోరు మూసుకుని ఉంటావేటి? నాకు కనపడక పోనావు, కనీసం ఇనపడు. ఏదోటి మాటాడు."

"ఏటి మాటాడతాను?"

"ఏదో ఒగటి. ఆగకూడదు."

మావకి మాట్లాడ్డం రాదు. జన్మలో అలవాటు లేదు. కాసేపు గొంతు సవరించుకుని, ఆయనకొచ్చినదే మొదలుపెట్టాడు. "హిజిలీ... నారాయణగఢ్... బెల్దా... దాంతన్... జలేశ్వర్..." మా ఊళ్ళవైపు వెళ్ళే లైనులో ఒక్కొక్క స్టేషనే, విష్ణు సహస్రనామం చదివినట్టు, ఒక్కో పేరు దగ్గర బండి ఆగి బయల్దేరినంత వ్యవధి ఇస్తూ చదివాడు. కొవ్వొత్తి దొరకలేదని డాక్టరుగారు తిరిగొచ్చి, ఆ స్టేషన్లు వింటూ ఆయనా గుమ్మంలో నిలబడిపోయారు. బాలేశ్వర్ వచ్చింది, భద్రక్ వచ్చింది. కటక్ దగ్గర మావ కాస్త ఆగితే అత్త వెంటనే "ఏటయ్యా!" అంది. "వంతెన మీదున్నానే" అన్నాడు మావ. నాకు నవ్వాగక నోటికి దూది అడ్డం పెట్టుకున్నాను. ఖుర్దారోడ్డు, బరంపురం దాటి, "ఇచ్ఛాపురం" అంటుండగా కరెంటు వచ్చింది. లైటు వెలగ్గానే అత్త మావని పైనుంచి కింది దాకా ఒకసారి చూసుకుని, "ఇంకాసేపుంటే మా సోంపేట వొచ్చీసును" అంది. ఆవిడ పుట్టిల్లు అక్కడే. పుడక తీసినప్పట్నుంచీ ఆవిడ మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది.

డాక్టరుగారు ఇక ఆలస్యం చేయలేదు. మళ్ళీ కరెంటు పోయేలోపు కానిచ్చేయాలని అద్దం సర్దుకుని, దూది తీసి, బొత్తం నొక్కారు. తీగ కొస ఎర్రబడింది. "భొయ్ నేయి, మాసీమా" అని ధైర్యం చెబుతూ లోపలికి పోనిచ్చి, తాకించి, తీసేశారు. 'సుయ్' మని ఒక చిన్న శబ్దం, సన్నటి పొగ, కాలిన వెంట్రుకల వాసన. అత్త కనురెప్ప కూడా ఆర్పలేదు. ఎలా ఆర్పుతుంది, ఆవిడ కళ్ళు మావ మీదే ఉన్నాయి కదా. డాక్టరుగారు ఇంకోసారి తాకించి, తెల్లమచ్చ పడిందని చూసుకుని, "హోయే గేఛే" అన్నారు. అయిపోయింది అని నేను తెలుగులో చెప్పడానికి నోరు తెరిచాను. బొగ్గింజను మంటలో చెయ్యి పెట్టిన మా మావ, అగరొత్తి కొసంత లేదని నవ్విన మా మావ, తెల్లగా పాలిపోయి, కళ్ళు పైకి తేలేసి, స్టూలుతో సహా పక్కకి ఒరిగిపోయి పెద్ద చప్పుడుతో నేలమీద పడ్డాడు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకు నాలుగు నోళ్ళు కావాలి. పుడక తీస్తే మొగుడు పోతాడని నమ్మిన మనిషి కళ్ళెదుట, పుడక తీసి ఉండగా, మొగుడు పడిపోయాడు. అత్త వేసిన కేకకి రోడ్డవతలి మిఠాయి దుకాణం దాదా గరిటెతో సహా పరుగెత్తుకొచ్చాడు. "సెప్పినాను కదరా దేముడో! సెప్పినాను కదా!" అంటూ అత్త కుర్చీలోంచి కిందికి దూకింది. డాక్టరుగారు మావ కాళ్ళు పైకెత్తి పట్టుకుని, "జల్! జల్!" అని నా మీద అరుస్తున్నారు. అత్త నేలమీద మోకాళ్ళ మీద పాకుతూ "పుడక! బేగి పుడక ఎతకవే గుంటా!" అని నా మీద అరుస్తోంది. నేను బీయస్సీ పాసైనదాన్ని, సగం డాక్టర్ని, బంగారానికీ ఆయుష్షుకీ సంబంధం లేదని వీధి వీధంతా ఉపన్యాసాలిచ్చినదాన్ని. నేనేం చేశానో తెలుసా? నీళ్ళ సంగతి మరిచిపోయి, దబ్బున నేలమీద పడి, బల్ల కిందా బీరువా కిందా పుడక కోసం వెతికాను. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో ఆ పుడక దొరికితేనే మావ లేస్తాడని నాక్కూడా అనిపించింది. మిఠాయి దాదా కూడా గరిటె పక్కన పెట్టి, ఏమిటో తెలియకుండానే వెతికాడు.

ఎక్కడా లేదు. అత్త ఏడుస్తూ మావ దగ్గరికి పాకి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి గుప్పిట మూసి ఉంది. విప్పబోతే రాలేదు. ఒక్కో వేలే పట్టుకుని లాగినా రాలేదు. ఒళ్ళంతా తెలివి తప్పి సోలిపోయిందిగానీ ఆ గుప్పిట మాత్రం ఇచ్చిన మాట మీదే నిలబడి ఉంది. అత్త ఏడుపు ఆపేసింది. మళ్ళీ లాగి చూసింది. "ఓలమ్మా" అంది మెల్లగా, "సచ్చినోడికి ఇంత పట్టుంటదేటి!" అని, అప్పుడు ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టింది. మొత్తానికి చిటికెన వేలు సందులోంచి పుడక లాగి, డాక్టరుగారు "నా నా! ఏఖొన్ నా!" అంటూ ఇప్పుడే వద్దని మొత్తుకుంటున్నా వినకుండా, ముక్కుకి పైన ఆనించి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే మావ కళ్ళు తెరిచాడు. తెరిచి, చుట్టూ చూసి, "ఏ టేసనే?" అన్నాడు.

ఏం తిన్నారని డాక్టరుగారు అడిగితే మావ ఒప్పుకున్నాడు. అత్త నెత్తురు ఆగాలని అమ్మవారికి మొక్కుకుని ముందురోజు పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదట. ఆ ఖాళీ కడుపుకి తన పెళ్ళాం ముక్కులోంచి పొగ రావడం చూసేసరికి తట్టుకోలేకపోయాడు. అత్త తిట్లు అందుకుంది. "ఉపాసమేటి నీకు? నాకు సెప్పకుండానా? కేంటీన్లో తిన్నానని నాతోనే అబద్దమా?" ఆ గొంతు విని నాకు ప్రాణం లేచొచ్చింది, పాత గొంతు తిరిగి వచ్చేసింది. మిఠాయి దాదా వెళ్ళి మట్టి కుండలో రసగుల్లాలు తెచ్చాడు. మావ నేలమీదే చతికిలబడి అవి తింటుంటే, అత్త ఒక చేత్తో పుడక ముక్కుకి ఆనించి పట్టుకుని, రెండో చేత్తో ఆయన నోటికి అందిస్తూ తిట్టింది. డాక్టరుగారు అద్దం విప్పుకుంటూ నాతో, తన ఇన్నేళ్ళలో కాటరీ ఒకళ్ళకి పెడితే ఇంకొకళ్ళు పడిపోవడం ఇదే మొదలన్నారు.

అత్త ముక్కులోంచి మళ్ళీ నెత్తురు రాలేదు. లోపలి పుండు మానాక మావే తన చేత్తో పుడక తిరిగి పెట్టాడు. కానీ మా వెనక లైనులో ఈ కథ డాక్టరుగారి వైద్యం గురించి ఎప్పుడూ చెప్పుకోలేదు. అత్త చెప్పే కథలో మావ అక్కడ నిజంగానే పోయాడు, పుడక ముక్కుకి తాకగానే తిరిగొచ్చాడు. కొత్తగా పెళ్ళైన కోడళ్ళు ఆ పుడకని చూడటానికి వచ్చేవారు. మావ చెప్పే కథలో గదిలో గాలాడక కాస్త కళ్ళు తిరిగాయి, అంతే. నన్ను సాక్ష్యం అడిగితే, నేను ఎవరింట్లో ఉంటే ఆ కథకి తలూపేదాన్ని. ఆ పుడక ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ ముక్కు మీదే మెరిసింది. అత్తే ముందు వెళ్ళిపోయింది, నిద్రలోనే. ఒంటి మీద బంగారం తీయాలని పెద్దవాళ్ళు పుడక దగ్గరికి వచ్చేసరికి, అప్పటిదాకా గోడకి ఆనుకుని కూర్చున్న మావ, "దాన్ని ముట్టుకోకండి" అన్నాడు. "ఒకపాలి తీసినాను. సాలు." పుడక అత్తతోనే వెళ్ళింది.

పోయినేడాది నా భుజం మీద ఒక కొవ్వు గడ్డ తీయించుకోవాల్సి వచ్చింది. చిన్న ఆపరేషను, కాటరీతోనే. ఇప్పటి యంత్రాలు వేరు, రంగురంగుల దీపాలు, కరెంటు పోవడానికి లోడ్‌షెడ్డింగూ లేదు. నర్సమ్మాయి వచ్చి, "ఆంటీ, ఒంట్లోంచి కరెంటు వెళ్తుంది, లోహం ఏదీ ఉండకూడదు, మెట్టెలు తీసేయండి" అంది. నేను చదువుకున్నదాన్ని, మారుమాట్లాడకుండా తీసి మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, మా మావ కథ చెప్పినప్పుడల్లా పగలబడి నవ్వుతారు. బల్ల మీద పడుకున్నాక, డాక్టరుగారు చేతులకి తొడుగులు వేసుకుంటుంటే, నాకు ఉన్నట్టుండి మావ స్టూలు గుర్తొచ్చింది. నర్సమ్మాయిని దగ్గరికి పిలిచి, "మా ఆయన బయట నిలబడ్డారా, కూర్చున్నారా? పొద్దున్న ఏమైనా తిన్నారో లేదో కాస్త కనుక్కుంటావా తల్లీ" అన్నాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసి వెళ్ళి వచ్చింది. "కూర్చునే ఉన్నారు ఆంటీ, ఇడ్లీ తిన్నారట. మీ మెట్టెలు కవర్లో వేసి ఇస్తానంటే మాత్రం ఇవ్వట్లేదు. గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నారు, ఎంత అడిగినా విప్పట్లేదు" అంది. నేను కళ్ళు మూసుకుని, ఇక మొదలుపెట్టమని డాక్టరుగారికి చెప్పాను.